1938లో విడిపోయిన మాట, పాట: దైవశాస్త్ర అధ్యాపకులకు ఒక బహిరంగ లేఖ

తెలుగునాట సెమినరీల్లో, బైబిలు కళాశాలల్లో దైవశాస్త్రం బోధిస్తున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు వందనాలు.

నేను గురుపట్టం లేని మామూలు సంఘ సభ్యురాలిని. కోస్తాలో ఒక చిన్న పట్టణం మాది. మా గుడిలో పుస్తకాల బీరువా తాళంచెవి నా దగ్గర ఉంటుంది. శనివారం సాయంత్రం కొందరం కూర్చుని చదువుకునే కూడికకు పుస్తకాలు ఎంచే పని కూడా అందుకే నా మీద పడింది. ఆ పని చేస్తూ చేస్తూ పెరిగిన అసహనమే ఈ ఉత్తరం. మీలో ఏ ఒక్కరి మీదా నాకు కోపం లేదు, అందరి మీదా కలిపి కొంత ఉంది.

విషయం ముందే చెప్పేస్తాను. మీరు ఏళ్ల తరబడి చదివి, బోధించి, వాదించుకునే దైవశాస్త్రం ఇంగ్లీషులో ఉండిపోయింది. మేము ఆదివారం పాడుకునే దైవశాస్త్రం తెలుగులో ఉంది. మొదటిదానికి మా కష్టం తెలియదు, రెండోదానికి మీ ప్రశ్నలు తెలియవు. మీరు తెలుగులో రాయాలి. ప్రసంగాల సంపుటాలు మా దగ్గర చాలా ఉన్నాయి, పరీక్షల గైడ్లు మాకు అక్కర్లేదు. తరగతి గది తలుపులు వేసుకుని మీరు మాట్లాడుకునే అసలు సంగతులు రాయాలి.

మా జనం చదవరని మీరు అనబోతున్నారు. ఆ మాట ఒప్పుకోను. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు, పాటల పుస్తకం తర్వాత ఎక్కువగా కనబడే పుస్తకం 'ఎడారిలో సెలయేర్లు'. పెళ్లికి కానుకగా ఇస్తారు, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకుంటారు, అట్ట ఊడిపోతే కుట్టించుకుంటారు. జపానులో సేవ చేసి వచ్చిన లెట్టీ కౌమన్ అనే అమెరికన్ స్త్రీ, గుండెజబ్బుతో మంచం పట్టిన భర్తకు ఏళ్లపాటు ఉపచారం చేస్తూ, తనను నిలబెట్టిన మాటలను పోగుచేసి 1925లో వేసిన పుస్తకం అది. అందులో చాలా భాగం ఆమె సొంత రచన కాదు, కూర్పు. స్పర్జన్, ఎఫ్.బి. మేయర్, ఆండ్రూ మర్రే వంటి వాళ్ల పేరాలు అందులో ఉన్నాయి. అంటే మా వీధిలో కుట్టుమిషను మీద బతికే మనిషి కూడా వందేళ్ల కిందటి వేదపండితుల మాటలు రోజూ పొద్దున్నే చదువుతోంది, వాళ్లెవరో తెలియకుండానే. ఇంతకంటే మంచి పాఠకులు మీకు ఎక్కడ దొరుకుతారు?

అయితే ఆ పుస్తకం మీద ఎంత గౌరవం ఉన్నా, రోజుకొక పేజీ అలవాటు మీద నాకొక ఫిర్యాదు ఉంది. తేదీ మారగానే బాధ కూడా మారిపోవాలన్నట్టు నడుస్తుంది ఆ చదువు. నిన్నటి ప్రశ్నకు జవాబు దొరక్కపోయినా ఈరోజుకు ఈరోజు ఓదార్పు సిద్ధంగా ఉంటుంది. ఒకే ప్రశ్న మీద నెలల తరబడి కూర్చునే చదువు మాకు ఎవరూ నేర్పలేదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డుల పళ్లెం తిరుగుతుంది కదా, అది చూడండి. తలా ఒకటి తీసుకుంటాం, ఏడాదంతా దేవుడు మనతో చెప్పే మాట అదేనని బీరువా అద్దానికి అంటించుకుంటాం. ఎక్కువమందికి ఇష్టమైన కార్డు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం: దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావని. దానికి ముందున్న పదో వచనం కార్డు మీద ఉండదు. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండిన తరువాతే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది పరాయి దేశంలోనే కన్నుమూస్తారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని అంతకు ముందు వచనాలు. ఈ పూర్తి ఉత్తరం శనివారం కూడికలో చదివినప్పుడు, కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒక ఆవిడ, "అయితే ఇది మాకు రాసిన ఉత్తరమే" అన్నారు. కార్డు మీది మాట ఆవిడ చాలా ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. ఉత్తరం మాత్రం ఆరోజే అందింది. 88వ కీర్తన అయితే ఏ పళ్లెంలోనూ రాదు. చీకటే నాకు బంధువర్గమైంది అంటూ, చివరికైనా ఒక ఆశ మాట లేకుండా ముగిసిపోయే ప్రార్థన అది. దాన్ని బైబిలులో ఎందుకు ఉంచారో మీ తరగతిలో తప్పకుండా చెబుతారు. మాకూ చెప్పండి.

ఇక 1938 సంగతి.

ఆ ఏడాది జనవరి నెలాఖరున, గోదావరి జిల్లా జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషను ప్రారంభించారు. లూథరన్ సంఘంలో పెరిగిన మనిషి. కీర్తనలు కట్టారు, చిన్న చిన్న పుస్తకాలు రాశారు, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం నేర్పారు. అంతా తెలుగులోనే. ఇప్పటికీ ఏటా జనవరిలో గుంటూరు దగ్గర జరిగే మహాసభలకు జనం తరలి వెళుతూనే ఉన్నారు. ఆయన బోధతో మీలో చాలామందికి పేచీలు ఉన్నాయని నాకు తెలుసు, నాకూ కొన్ని ఉన్నాయి. ఆ సంగతి వేరే.

అదే ఏడాది డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో, క్రైస్తవ కళాశాల ఆవరణలో, ప్రపంచ దేశాల మిషనరీ సంఘాల మహాసభ జరిగింది. దాని కోసమే డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక పెద్ద గ్రంథం రాశారు. క్రీస్తులో దేవుడిచ్చిన ప్రత్యక్షతకూ మనుషుల మతాలకూ మధ్య కొనసాగింపు లేదని ఆయన వాదం. దానికి ఎదురు నిలిచినవాళ్లలో ముఖ్యుడు మన నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య గారు. పాదిరి కాదు, వకీలు చదువు చదివి పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి. తన బావ వెంగళ్ చక్కరై, ఇంకా కొందరు మిత్రులతో కలిసి ఆ ఏడాదే మద్రాసులో ఒక పుస్తకం వేశారు. భారతదేశంలో క్రైస్తవ్యాన్ని మళ్లీ మొదటినుంచి ఆలోచించాలన్నది దాని పేరులోనే ఉంది. క్రేమర్ మీద చెంచయ్య గారి విమర్శ కూడా అందులోనే ఉంది. అంతా ఇంగ్లీషులోనే.

ఒకే సంవత్సరం, ఒకే భాష తల్లిభాషగా గల ఇద్దరు మనుషులు. ఒకరి మాట పాటగా మారి పల్లెల్లోకి వెళ్లింది. ఇంకొకరి మాట మీ సెమినరీల అధోజ్ఞాపికల్లోకి వెళ్లింది. ఇద్దరూ ఒకరినొకరు విని ఉంటే తెలుగు సంఘం మరోలా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను. దేవదాసు అయ్యగారి జనానికి చెంచయ్య గారి ప్రశ్నలు కావాలి, చెంచయ్య గారి ప్రశ్నలకు ఆ జనం కావాలి.

చెంచయ్య గారు ఏం చెప్పారో నా చేతనైనంతలో మా కూడికలో చెప్పి చూశాను. యేసు కేవలం మన అప్పు తీర్చడానికి వచ్చినవాడు కాదు, సృష్టిలో ఒక కొత్త అంకం ఆయనతో మొదలైంది అంటారు చెంచయ్య గారు. జంతువుల తరువాత మనిషి వచ్చినట్టే, ఆదాము సంతతి తరువాత క్రీస్తులో కొత్త మనిషి పుట్టాడు. పరిశుద్ధాత్మ ఆ కొత్త సృష్టిని నడిపే శక్తి. కాబట్టి విశ్వాసి పని పరలోకానికి టికెట్టు సంపాదించుకోవడం కాదు, ఇక్కడే కొత్త మనిషిగా మారడం. సిద్ధాంతాల కంటే, సంఘపు వ్యవస్థ కంటే, యేసుతో ముఖాముఖి సంబంధమే ముందు. శ్రీఅరవిందుల యోగాన్నీ, కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగ మార్గాన్నీ ఆయన ఆసక్తితో గమనించారు. హిందూ వారసత్వాన్ని శత్రువుగా చూడలేదు, ఆధ్యాత్మికంగా తల్లిలాంటిదన్నారు.

నేను చెప్పడం అయ్యాక మా కూడికలో రిటైరైన టీచరమ్మ ఒకరు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఆ తల్లి మమ్మల్ని ఎప్పుడు ఎత్తుకుందమ్మా?" అన్నారు. ఆవిడ మాదిగపల్లెలో పుట్టి, ఊరి బావికి దూరంగా పెరిగి, మిషను బోర్డింగులో చదువుకున్నవారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

అయ్యా, ఇదే ప్రశ్నను 1981లో బెంగుళూరు సెమినరీలో అరవింద్ నిర్మల్ గారు అడిగారని నాకు ఆ తరువాత తెలిసింది. భారత క్రైస్తవ దైవశాస్త్రం అగ్రవర్ణాల తత్వాలతోనే సంభాషించింది, సంఘంలో అత్యధికులైన దళితుల వేదనను పట్టించుకోలేదని ఆయన విమర్శ. ఆ ప్రసంగం నుంచి ఒక కొత్త దైవశాస్త్రమే పుట్టింది. దాని మీద వ్యాసాలు, సదస్సులు, డాక్టరేట్లు వచ్చాయి. మా టీచరమ్మకు మాత్రం తన ప్రశ్న తాను ఒంటరిగా అడిగినట్టే అనిపించింది. ఎవరి బాధ గురించి ఆ శాస్త్రం పుట్టిందో వాళ్లకే అది చేరకపోతే, మీరు ఎవరికోసం రాస్తున్నట్టు?

చెంచయ్య గారి మాటతో నాకు సగమే కుదురుతుంది. కొత్త సృష్టి అన్న ఆలోచన దగ్గర నా మనసు ఆగిపోయింది, అది నిజంగా గొప్పది. పాపం గురించి మాత్రం ఆయన తేలిగ్గా దాటేశారనిపిస్తుంది. మనిషి మనిషికి చేసే కీడు ఎంత లోతైనదో పుదుక్కోట న్యాయస్థానంలో రోజూ చూసి ఉండాల్సిన మనిషి ఎందుకు దాటేశారో నాకు అర్థం కాదు. ఇలాంటి తగవులు మా ముందు జరగనివ్వండి అనే నేను అడుగుతున్నది. మీరు తీర్పులు తెచ్చి మా చేతిలో పెడుతున్నారు, వాదనలు మాత్రం వినిపించడం లేదు.

ఆ తగవులో యెర్రగుంట్ల పేరయ్య గారికి కూడా చోటివ్వాలి. కనిగిరి ప్రాంతంలో తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట యేసు మాట విన్నారు. 1866లో బాప్తిస్మం పొందారు. అంతకు ముందే ఆయన ఒక గురువు దగ్గర యోగం నేర్చుకున్నారు, తన చుట్టూ శిష్యులు కూడా ఉన్నారు. భార్య నాగమ్మ గారితో కలిసి ఆయన నాటిన విత్తనమే ఒంగోలు ప్రాంతంలో సంఘంగా పెరిగింది. పన్నెండేళ్ల తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన వాళ్లందరికీ తెలుసు, ప్రతి వార్షికోత్సవంలో వింటాం. పేరయ్య గారు మాత్రం అంకె వెనకాల ఉండిపోయారు. యోగం తెలిసిన మాదిగ గురువు క్రీస్తును ఎలా అర్థం చేసుకున్నాడన్నది చెంచయ్య గారి ప్రశ్నకూ నిర్మల్ గారి ప్రశ్నకూ ఒకేసారి తగిలే విషయం. దాని మీద మీలో ఎవరైనా వంద పేజీలు తెలుగులో రాస్తే, నేను ఆ పుస్తకం సంచిలో వేసుకుని ఊరూరా అమ్ముతాను.

పేరయ్య గారి సంగతులు ఇంత వివరంగా మనకు మిగలడానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్. ఒంగోలులో మిషనరీగా పనిచేసిన క్లఫ్ దొర రెండో భార్య. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్న విదుషి. ఆ మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల కథలు చెప్పించుకుని, చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలన్న పేరుతో 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. తెలుగులో విన్నది, ఇంగ్లీషులో నిలిచింది.

ఆవిడ తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ మీకు పరిచయమే. సువార్త ఒక్కొక్క ఆత్మకే కాదు, కూలి ధరకూ మురికివాడకూ కూడా వర్తిస్తుందని 1907లో పుస్తకం రాసి అమెరికాను కుదిపినవాడు. మార్టిన్ లూథర్ కింగ్ తన ఆలోచన మీద ఆయన ముద్ర ఉందని చెప్పుకున్నారు. ఆ వాల్టర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు మన నెల్లూరు తీరాన రామాయపట్నంలో ఉన్న తెలుగు సెమినరీకి రావాలనుకున్నారు. పాత నిబంధన గురించి ఆయన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని పెద్దలు రానివ్వలేదు. 1886లో ఆయన న్యూయార్కు మురికివాడలో ఒక చిన్న జర్మన్ సంఘానికి పాస్టరుగా వెళ్లారు. అక్కడ పసిబిడ్డల శవపేటికలు మోసి మోసి, ఆ దైవశాస్త్రం రాశారు. రామాయపట్నానికి వచ్చి ఉంటే ఏం రాసేవారో! ఊహించి లాభం లేదని తెలుసు, అయినా ఒంగోలు మీదుగా రైలులో వెళ్లినప్పుడల్లా నాకు అదే ఆలోచన. ప్రశ్నలు అడుగుతాడని ఒక మనిషిని గుమ్మంలోనే ఆపిన ఆ అలవాటు మనల్ని ఇంకా వదల్లేదు.

దీనికొక ఉదాహరణ. మా సంఘానికి కొన్నాళ్లు పనిచేసిన ఒక యువ పాస్టరు గారిని, ఇంట్లో భోజనానికి పిలిచినప్పుడు అడిగాను. "అయ్యగారూ, ఆదికాండం మొదటి రెండు అధ్యాయాల్లో సృష్టి కథ రెండు రకాలుగా ఉంది కదా, మీ కాలేజీలో ఏం చెప్పారు?" ఆయన అన్నం కలపడం ఆపి, వంటగది వైపొకసారి, వీధి గుమ్మం వైపొకసారి చూశారు. "అవి పరీక్ష కోసమమ్మా, సంఘంలో చెప్పేవి కావు" అన్నారు. మంచివాడు, కష్టపడేవాడు. అర్ధరాత్రి ఎవరికి జ్వరం వచ్చినా బండి మీద వచ్చి ప్రార్థన చేసేవాడు. కానీ ఆయన తలలో రెండు గదులున్నాయి, మధ్య తలుపుకు తాళం వేసినవాళ్లు మీరే.

విశ్వాసం చెదిరిపోతుందని మీ భయం. చెదిరేవాళ్లు ఇప్పటికే చెదిరిపోతున్నారండీ. మా పిల్లలు ఫోనులో అన్నీ చదువుతున్నారు. వాళ్లకు దొరికే జవాబులు ఒకవైపు బైబిలును ఎగతాళి చేసేవి, ఇంకోవైపు ప్రశ్న అడగడమే సాతాను పని అనేవి. ఆన్సెల్మ్ అనే వేదపండితుడు 11వ శతాబ్దంలో దేవుడు ఉన్నాడన్న సంగతిని తర్కంతో విచారించిన పుస్తకం మొత్తం ప్రార్థనగానే సాగుతుంది. దేవునితో మాట్లాడుతూనే దేవుని గురించి వాదిస్తాడు. విశ్వసించాను కాబట్టే అర్థం చేసుకోవాలనుకుంటున్నాను అన్నది ఆయన పద్ధతి. హబక్కూకు ప్రవక్త అయితే అంత మర్యాద కూడా పాటించలేదు, ఎన్నాళ్లు మొరపెట్టాలి అని నిలదీశాడు.

చావు ఇంట్లో మన మాటలు కూడా మీరు ఒకసారి వినాలి. శవం ఇంకా గడప దాటకముందే, "ఏడవకూడదమ్మా, ప్రభువు దగ్గరికి వెళ్లారు, సంతోషించాలి" అంటారు పెద్దలు. భర్త పోయిన మనిషి కళ్లు తుడుచుకుని తలూపుతుంది. పెట్టెకు మేకులు కొడుతుంటే కూడా పక్కవాళ్లు ఆమె నోటికి కొంగు అడ్డం పెడతారు. అవిశ్వాసులు చూస్తున్నారని.

తొలి శతాబ్దాల సంఘపు గొప్ప వేదపండితుడు అగస్టీన్ రాసిన ఆత్మకథలో తొమ్మిదో భాగం చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. 387లో, రోమ్ రేవు పట్టణం ఓస్టియాలో తల్లి మోనికా చనిపోయింది. ఆయనా మన పెద్దల్లాగే అనుకున్నాడు, విశ్వాసంలో చనిపోయినవారి కోసం ఏడవడం తగదని. కొడుకు అదెయోదాతుస్ గట్టిగా ఏడిస్తే అందరూ కలిసి ఊరుకోబెట్టారు. స్నేహితుడు ఒకడు కీర్తన ఎత్తుకున్నాడు, ఇల్లంతా అందుకుంది. సమాధి అయ్యేవరకు అగస్టీన్ కంట నీరు రాలేదు. స్నానం చేస్తే దుఃఖం తగ్గుతుందని విని స్నానం చేశాడు, తగ్గలేదు. పడుకుని లేచాక, ఒంటరిగా ఉన్నప్పుడు, మిలాను బిషప్పు అంబ్రోసు కట్టిన సాయంకాలపు కీర్తన గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చాడు, కాసేపే. తల్లి కోసం కొంతసేపు ఏడ్చినందుకు ఎవరికైనా అది పాపమనిపిస్తే నన్ను చూసి నవ్వవద్దు, నా పాపాల కోసం దేవుని ఎదుట ఏడవండి అని రాసుకున్నాడు.

ఎంతటి తర్కజ్ఞుడు! కాలమంటే ఏమిటని, చెడు ఎక్కడినుంచి వచ్చిందని మనిషి బుర్రను మెలితిప్పినవాడు. ఆయన కన్నీటిని విడిపించింది ఒక పాట. ఆ పాట విడిపించిన సంగతిని దాచుకోకుండా రాయించింది ఆయన ఆలోచన. ఆయన దగ్గర రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ పేజీలు నేను నాకు వచ్చిన తెలుగులో చెప్పిన శనివారం, మా కూడికలో ఇద్దరు బాహాటంగా ఏడ్చారు. ఒకరికి భర్త పోయి చాలా ఏళ్లయింది. "అప్పుడు ఏడవనివ్వలేదు" అన్నారు.

తెలుగులో దైవశాస్త్రం రాయడానికి భాష సరిపోదని కొందరు అధ్యాపకులు అంటారట. పురుషోత్తమ చౌదరి గారిని చదివాక కూడా ఆ మాట ఎలా అనగలరు? 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఆ బ్రాహ్మణ కవి, పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో, అవతారం, ప్రాయశ్చిత్తం, కృప అన్నీ పాడేశారు. 'త్రాహిమాం క్రీస్తునాథ' అని మేము గొంతెత్తినప్పుడు అక్షరం రాని ముసలమ్మ కూడా తన దిక్కులేనితనాన్నీ తన దిక్కునూ ఒకే ఊపిరిలో చెప్పుకుంటుంది. ఇక జాషువా గారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కానీ నా దృష్టిలో ఆయన అసలైన దైవశాస్త్రం 'గబ్బిలం'లో ఉంది. గుడిలోకి అడుగు పెట్టే వీలులేని మనిషి, గుడి చూరుకు వేలాడే గబ్బిలంతో దేవుడికి తన మొర చెప్పి పంపుతాడు. మీ తరగతుల్లో విలాప కీర్తనల పక్కన గబ్బిలం పెట్టి చదివిస్తున్నారా? చదివిస్తుంటే మా దాకా ఎందుకు రాలేదు? చదివించకపోతే ఎందుకు చదివించడం లేదు?

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు, తరువాత దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య గారు తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లో తిరిగి, తెలుగు నేలమీదే 1945లో మట్టిలో కలిసిన మనిషి. ఆ మాటను ఇప్పుడు మీకు తిప్పి చెబుతున్నాను. మీరు మాకు పాస్టర్లను ఇచ్చారు, సర్టిఫికెట్లు ఉన్న ప్రసంగీకులను ఇచ్చారు. మాతో కలిసి చదివే స్నేహితులను ఇవ్వలేదు.

నేను అడిగేవి మీ చేతిలో లేని పనులేమీ కావు. మీ విద్యార్థి ఎవరైనా పరిశోధన వ్యాసం సమర్పించేటప్పుడు, దానితో పాటు పదిహేను ఇరవై పేజీల తెలుగు సారాంశం కూడా ఉండాలని నిబంధన పెట్టండి. దాన్ని ఆ విద్యార్థి సొంత సంఘంలో నిలబడి చదివి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాకే మార్కులు వేయండి. పల్లెటూరి పెద్దల ప్రశ్నలు మీ వైవా కంటే కఠినంగా ఉంటాయని ముందే హెచ్చరిస్తున్నాను. మీ గ్రంథాలయాలు నెలకొక శనివారమైనా మాలాంటి వాళ్లకు తెరవండి, అరువు ఇవ్వకపోయినా అక్కడే కూర్చుని చదువుకుంటాం. బైబిలు స్త్రీలుగా పల్లెల్లో తిరిగి వృద్ధులైన అమ్మలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు గుమ్మాల ముందు ఏం చెప్పారో, ఏం పాడారో వాళ్ల నోటితోనే రికార్డు చేయించండి. ఆ పని వాయిదా వేయడానికి వీలులేనిది. ఇక మీలో పదవీ విరమణకు దగ్గరపడినవాళ్లు, జీవితమంతా తరగతిలో చెప్పిన ఒక్క విషయాన్ని మీ అమ్మకు చెబుతున్నట్టుగా రాయండి, పుస్తకం చిన్నదైనా సరే.

మొదటి పుస్తకం చెంచయ్య గారిదే కావాలని నా కోరిక. ఆయన వ్యాసాల్లో ఏ ఒక్కటైనా మీలో ఎవరు తెలుగు చేసి పంపినా, చేతిరాతలో ఉన్నా ఫరవాలేదు, టైపు చేయించి అచ్చు వేయించే బాధ్యత మాది. హక్కుల సంగతి మీరు చూసిపెట్టండి, అది మాకు తెలియని వ్యవహారం. కోత పండుగ వేలంలో గుమ్మడికాయలు, కోళ్లు అమ్మగా స్త్రీల సమాజం వంతుకు వచ్చిన డబ్బు దీనికోసమే పక్కన పెట్టాం. ప్రూఫులు దిద్దడానికి మా టీచరమ్మ ఒప్పుకున్నారు. ఆ తల్లి మమ్మల్ని ఎప్పుడు ఎత్తుకుందన్న తన ప్రశ్నను పుస్తకం చివర ఒక పేజీలో అచ్చు వేయాలని ఆవిడ షరతు, దానికి అనువాదకులే జవాబు రాయాలట. ఇంకొక మాట, ఎర్ర సిరా విషయంలో ఆవిడ డాక్టరేట్లను కూడా వదలరు.

ఇట్లు,
పుస్తకాల బీరువా తాళంచెవి దగ్గరున్న ఒక సంఘ సభ్యురాలు